సోమయ్య రాసిన పేర్లు

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో సోమయ్యను అందరూ పిరికి సోమయ్య అనేవాళ్లు. ఎదురుగానే అన్నా ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. పోలీసు జవాను కనబడితే పక్క సందులోకి తిరిగేవాడు. దుకాణంలో చిల్లర తక్కువ ఇస్తే నోరెత్తకుండా ఇంటికొచ్చి భార్య బుచ్చమ్మకు చెప్పుకునేవాడు. ఆమె చెంగు దోపుకుని వెళ్లి, అడిగి తెచ్చేది.

అలాంటి మనిషి నలభై మంది చేత డబ్బు పెట్టించాడు. నిజాం రాజ్యంలో, పందొమ్మిది వందల నలభై ఆరులో, మౌలాలి దిక్కున ఎరువుల కంపెనీ ఒకటి వెలిసింది. ఎముకలు పొడి చేసి, ఏదో రాతిపొడిని తేజాబుతో, అంటే యాసిడ్‌తో, కలిపి, చేలకు వేసే ఎరువు చేసేవాళ్లు. ఆ కంపెనీ దఫ్తరు రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడ మీద ఉండేది. సోమయ్య అందులో గుమాస్తా. వాటాలు కొన్నవాళ్ల పేరూ, తండ్రి పేరూ, ఇంటి గుర్తూ ఒక పెద్ద రిజిస్టరులో రాయడం ఆయన పని. ఆయన ఉర్దూ రాత ముత్యాల కోవ.

మొదట్లో సోమయ్యకే ఆ ఎరువు మీద నమ్మకం లేదు. మేనేజరు ఇచ్చిన ఒక బస్తాను మెదక్ దగ్గర బావమరిది చేనుకు పంపాడు. ఆ ఏడు జొన్న మనిషిని మించి లేచింది. సోమయ్య వెళ్లి ఆ చేనులో దిగితే బయటకు కనబడలేదట. తిరిగొచ్చి, దాచుకున్నదంతా తీసి, యాభై రూపాయల వాటాలు ఐదు కొన్నాడు. అప్పటినుంచి ఎరువు మాట వస్తే చాలు, ఆయన గొంతు మారేది. వినేవాళ్లకు ఆ గొంతు కంటే ఇంకో సంగతి గట్టిగా తగిలింది. "గింత పిరికోడే పైసలు పెట్టిండంటే, అండ్ల భయమేముంటది?" అని ఒకరి తర్వాత ఒకరు మేడ మెట్లెక్కారు.

వాళ్లలో మంత్రసాని సర్దార్ బీ ఒకతె. పేటలో సగం మందిని ఆమె చేతులే నేల మీదకు తెచ్చాయి. విరిగిన ఎముకలకు కట్లు కూడా కట్టేది. రెండు వాటాలు కొని, వేలిముద్ర వేస్తూ నవ్వింది.

"ఎముకలు అతికిచ్చెటిదాన్ని. ఎముకలు పొడి జేసే కంపెనీల పైసలు పెట్టిపిస్తున్నవు గద తమ్మీ!"

రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో నవ్వులు లేవు. నలభై ఎనిమిది ఆగస్టు నాటికి రజాకార్లు పట్టపగలే బజార్లలో తుపాకులతో కవాతు చేస్తున్నారు. ఉన్నవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి బెజవాడకో, షోలాపూర్‌కో పోతున్నారు. కంపెనీ మేనేజరు సెలవు పెట్టి మాయమయ్యాడు. దఫ్తరులో సోమయ్య, కింద గేటు దగ్గర ముసలి కావలివాడు లూకా. అంతే.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద బూట్లు చప్పుడు చేశాయి. ఖాకీ బట్టల వాళ్లు ఇద్దరు, వాళ్ల ముందు రూమీ టోపీ పెట్టుకున్న దలాలు ఒకడు. ఇళ్లూ, సరుకులూ, దొరికిందల్లా బేరం చేసి బతికేవాడు. వాడు రిజిస్టరు మీద చెయ్యి వేశాడు.

"పైసలున్నోళ్ల పేర్లు గిండ్లనే ఉన్నయి గద. ఊరిడిసి పోయిన హిందువులెవరో చెప్పు."

"నాకు తెల్వదు సాబ్."

ఖాకీవాళ్లలో ఒకడు తుపాకి మడమను రిజిస్టరు మీద ఆనించాడు. కొట్టలేదు, అరవలేదు. ఊరికే ఆనించాడు. వాటా కొన్న గానుగచెక్క వ్యాపారి పర్వతాలు పెళ్లాం పిల్లలతో వెళ్లిపోయి వారమైంది. ఇల్లు ఖాళీ. పోతే సామాన్లే కదా పోయేది. ఆ ఇంటి గుర్తు సోమయ్య మనసులో అనుకున్నాడో లేదో, పైకే అనేశాడు. గానుగ ఎదురుగా, నీలం తలుపుల ఇల్లు.

వాళ్లు దిగి వెళ్లిపోయారు. పంచె తడిసిన సంగతి ఆయనకు చాలాసేపటికి తెలిసింది.

మర్నాడు సర్దార్ బీ నీళ్ల దగ్గర ఎదురైంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పర్వతాలు అత్త శ్యామలమ్మ ఎరికేనా తమ్మీ? అందరు పోయినా ఆమె ఇల్లిడిసి రానన్నదట. లోపల్నే ఉన్నది. బీగం పలగ్గొట్టి, అడ్డమొచ్చిందని మెట్ల మీదికెళ్లి కిందికి దొబ్బిండ్రు. చెయ్యి రెండు తావుల ఇరిగింది. ఎదురుబద్దలేసి కట్టొచ్చిన. అదెప్పటికీ సక్కగ గాదు." ఆమె కడవ ఎత్తుకుంటూ అంది, "ఆ ఇల్లెవడు సూపెట్టిండో, వాని చెయ్యి ఇరగ!"

సోమయ్య ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు. బుచ్చమ్మకు కూడా చెప్పలేదు.

సెప్టెంబరులో బేగంపేట దిక్కున విమానాలు తిరిగాయి. ఐదు రోజులు ఎవరూ గడప దాటలేదు. తర్వాత భారత సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చింది. నిన్నటిదాకా మూసి ఉన్న తలుపులు తెరుచుకున్నాయి, నిన్నటిదాకా తెరిచి ఉన్న తలుపులు మూసుకున్నాయి. జిల్లాల్లో ముసల్మానుల ఊళ్లలో ఏం జరుగుతోందో కబుర్లు వస్తున్నాయి. అందులో నిజమెంతో ఎవరికీ తెలియదు కానీ, వినడం మాత్రం ఎవరూ మానలేదు. సర్దార్ బీ కానుపులకు పోవడం మానేసింది.

అక్టోబరులో దలాలు మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి ఒక్కడే. నెత్తిన రూమీ టోపీ పోయి తెల్ల గాంధీటోపీ వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సోమయ్యా, ఈసారి సాయిబుల పేర్లు జెర సదువు. ఇళ్లు సుత."

"ఎందుకు సాబ్?"

"కొత్త సర్కారు వాళ్ల వాటాలు జప్తు జేస్తదని చెప్తా. పరేషాన్‌ల ఉన్నరు, నమ్ముతరు. యాభై రూపాయల కాగితం ఐదుకిస్తరు. నీకు సుత కమీషన్."

"మేనేజరు సాబ్ లేకుండ రిజిస్టరు తీయొద్దు."

దలాలు నవ్వాడు. "అప్పుడెట్ల తీసినవు? పర్వతాలు బెజవాడకెళ్లి వాపసొచ్చిండు. అత్త చెయ్యి ఎవని నోటికెళ్లి ఇరిగిందో చెప్పుమంటవా? రేపు గీ యాల్లకే వస్త."

సోమయ్య ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే గుర్తులేదు. పర్వతాలు మంచి పొడగరి, చెక్క బస్తాను ఒంటిచేత్తో ఎత్తేవాడు. వాడి చేతులు తన మెడ మీద ఉన్నట్టే అనిపించింది. చెమటలు కారుతుంటే జ్వరమనుకుని బుచ్చమ్మ నుదురు పట్టి చూసింది. అప్పుడు చెప్పాడు, మొదటినుంచీ.

ఆమె ఆయన నుదుటి మీది నుంచి చెయ్యి తీసేసింది. తర్వాత అంది.

"నువ్వు భయపడ్డవంటే నాకు వింతేం లేదు. గని ఇంకొకరి గడప సూపెడితివా, నేనీ ఇంట్ల ఉండ. గంతే."

తెల్లారి ఆయన సర్దార్ బీ ఇంటికి వెళ్లి తలుపు తట్టాడు. లోపల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?" అన్న గొంతు వణికింది. ఆ గొంతు వణకగా ఆయన ఎన్నడూ వినలేదు. ఏ ఇంట్లో ఏ అరుపులు విన్నా బెదరకుండా లోపలికి నడిచే మనిషి ఆమె.

"నేనే అక్కా, సోమయ్యను."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆమె చేతిలో గుడ్డమూట ఉంది. "షేరు కాగితాలు తమ్మీ. ఎవడో మనిషి నిన్న పక్కింటికొచ్చి చెప్పిండట, సర్కారు గుంజుకుంటదని, కాగితాలున్నోళ్లను జైల్ల ఏస్తరని. నేను వానికే ఇచ్చేస్త. ఊకె ఇచ్చినా సరే. ఇవి నా ఇంట్ల వద్దు."

"ఇయ్యకు అక్కా. అబద్ధం. ఎవరి పేరు మీదున్న వాటా వాళ్లదే. వాడు దొంగ."

"నీకెట్ల తెలుసు?"

సోమయ్యకు వెనక్కి తిరిగి పోదామనిపించింది. పోవడానికి సందు ఖాళీగానే ఉంది.

"ఆగస్టుల ఖాకీవాళ్లను ఎంటబెట్టుకొచ్చింది వాడే. అప్పుడు పర్వతాలు ఇల్లడిగిండు." ద్వారబంధం పట్టుకున్నాడు. "సూపెట్టింది నేనే అక్కా."

తలుపు మూసుకుంది. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు. మళ్లీ తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె బురఖా వేసుకుని ఉంది.

"నాకెందుకు చెప్తున్నవు? ఇరిగిన చెయ్యి నాదా? నడువ్. ఆమెకు చెప్పు."

ఐదు వారాల తర్వాత ఆమె గడప దాటడం అదే. మొదటి మలుపులో సైనికుల లారీ ఒకటి ఆగి ఉంది. ఆమె అడుగులు తడబడ్డాయి. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడి, లారీ కదిలాక నడిచారు. వందడుగుల దూరం ఆ పొద్దు ఎంతకీ తెగనట్టనిపించింది.

పర్వతాలు వాకిట్లోనే ఉన్నాడు. శ్యామలమ్మ అరుగు మీద, వంకరగా అతికిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సోమయ్య నేల చూస్తూ చెప్పాడు. మాట పూర్తికాక ముందే పర్వతాలు ఆయన్ను అంగీ పట్టి లేపి గోడకు కొట్టాడు. సోమయ్య పెదవి చిట్లింది. రెండో దెబ్బకు చెయ్యెత్తినప్పుడు ముసలమ్మ, "ఇడువ్ వాణ్ని," అంది.

"ఇడువమంటవేంది అత్తా? నీ చెయ్యి గిట్ల జేసినోడు!"

"తుపాకి ముందల నిలబడ్డప్పుడు ఎట్లుంటదో నాకెరుక. నీకెరుకలేదు, నువ్వు బెజవాడల ఉంటివి." ఆమె సోమయ్య వైపు తిరిగింది. "మాఫ్ జేసిన అననురా. ఈ చెయ్యెత్తి కొప్పు ముడుసుకోలేక పోయినప్పుడల్ల నిన్ను తిడత. నేను బతికున్నన్ని దినాలు తిడత. పో."

సోమయ్య అటునుంచి అటే దఫ్తరుకు వెళ్లాడు. దలాలు చెప్పిన వేళకే వచ్చాడు. సోమయ్య అప్పటికే రిజిస్టరు బీరువాలో పెట్టి బీగం వేసి, తాళంచెవిని లూకాకు ఇచ్చి పంపించేశాడు.

"అయితే పర్వతాలుకు చెప్తా," అన్నాడు దలాలు.

"చెప్పుకో సాబ్. పొద్దుగాల నేనే చెప్పొచ్చిన." చిట్లిన పెదవి చూపించాడు.

వాడు కుర్చీని తన్ని వెళ్లాడు. "ఒక్కనివి ఏ సందుల దొరుకుతవో సూస్త," అన్నాడు. ఆ మాట సోమయ్యను నెలల తరబడి వెంటాడింది. మూలమలుపు దగ్గర ఆగి, తల బయటపెట్టి చూసి, అప్పుడు నడిచేవాడు. ఒక సాయంత్రం ఎవరో విసిరిన రాయి భుజానికి తగిలింది కూడా. అయినా రోజూ దఫ్తరు అయ్యాక, పేర్లు గుర్తున్న ముసల్మాను వాటాదారుల ఇళ్లకు ఒక్కొక్కటిగా పోయాడు. మగమనిషి పిలిస్తే ఏ తలుపూ తెరుచుకునేది కాదు. తోడు వచ్చిన సర్దార్ బీ ముందు నిలబడి, "నేనే, నీ కానుపు జేసినదాన్ని," అంటే తెరుచుకునేది. "అమ్మకుండ్రి, వాని మాట నమ్మకుండ్రి" అని ఆయన వెనకాల నుంచి చెప్పేవాడు.

అందరూ వినలేదు. కొందరు అప్పటికే అమ్మేసి కరాచీ దారి పట్టారు. ఒకాయన సోమయ్య ముందే తలుపు వేసుకున్నాడు, వీడూ దలాలు మనిషేనేమో అని. పందొమ్మిది ఇళ్లవాళ్లు మాత్రం కాగితాలు దగ్గరే ఉంచుకున్నారు. కంపెనీ మూతపడలేదు. కొత్త మేనేజరు వచ్చాడు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి లాభం పంచారు. సర్దార్ బీ ఆ పైసలతో ఒక మేకను కొనుక్కుంది.

సోమయ్య మారలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ జవానును చూస్తే సందులోకే తిరిగాడు. పర్వతాలు ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. దారిలో ఎదురైతే ఉమ్మేసి పోయేవాడు. శ్యామలమ్మ అన్నమాట నిలబెట్టుకుంది. ఆయన ఆ వీధిన పోయినప్పుడల్లా అరుగు మీది నుంచి తిట్టేది. సోమయ్య చెప్పులు విప్పి చేత పట్టుకుని, ఆ తిట్లు అయ్యేదాకా నిలబడి, కదిలేవాడు. వేరే దారి ఉండి కూడా ఆ దారినే పోయేవాడని బుచ్చమ్మ తర్వాత చెప్పింది.

యాభై ఆరులో, ఎండాకాలం మొదట్లో, ముసలమ్మ పోయింది. సోమయ్య వెళ్లి మందికి దూరంగా, గానుగ గోడ పక్కన నిలబడ్డాడు. పాడె లేచినప్పుడు పర్వతాలు ఆయన్ను చూశాడు. ఇప్పుడు కొడతాడనుకుని సోమయ్య కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి పాడె వీధి చివరికి చేరింది. ఆయనను ఎవరూ పొమ్మనలేదు. సోమయ్య కండువా నెత్తిన వేసుకుని, అందరికంటే వెనకగా నడిచాడు.