మా ఇంటి నల్లబీగం మహిమ

అప్పా, ఈ మధ్య మా ఇంటికొచ్చేవాళ్ళు కాలింగ్ బెల్లు కొట్టడం లేదు. ముందు తలుపుకు దండం పెడతా ఉండారు! నిజమప్పా. మొన్న నాయుడుపేట నుంచి ఒకామె వచ్చి, చెప్పులు గేటు కాడే ఇడిచి, మా తలుపుకుండే నల్లబీగానికి కుంకుమ పెట్టి, కండ్లకద్దుకోని, అప్పుడు నా పక్క తిరిగి "బాగుండారా అన్నా?" అనింది. నవ్వొద్దండి. టీ తాగతా వినండి. ఆ బీగాన్ని బిగించింది నేనే.

తిరుపతిలో సొంత ఇల్లుంటే అది ఇల్లు కాదు, చుట్టాల లాడ్జి. మీకు తెలీందేముంది! కొండకు పొయ్యేవాళ్ళు, దిగొచ్చినవాళ్ళు, గుండుకు చందనం పూసుకోని పండుకునేవాళ్ళు. ఎవరొచ్చినా బీగంచెవి పట్టుకోని మా ఇంటామె సుగుణో, నేనో పరిగెత్తాల. అందుకే స్మార్ట్ లాక్ ఆర్డర్ పెట్టినా. వేలు పెడితే తెరుచుకుంటాది, నంబరు నొక్కితే తెరుచుకుంటాది, ఫోన్లో నొక్కినా తెరుచుకుంటాది. పైగా లోపల్నుంచి ఒకమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడతాది కూడా. ఇంకేం కావాల?

బిగించేదానికి మనిషిని పంపిస్తామన్నారు కంపెనీవాళ్ళు. వద్దన్నా. మనకేం తక్కువ! పక్కింటి ఖాజా భాయ్ దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చుకోని, ఫోన్లో వీడియో పెట్టుకోని నేనే మొదలుపెట్టినా. వీడియోలో ఉండేది ఒంటి రెక్క తలుపు. మాది మా నాయన చేపించిన రెండు రెక్కల టేకు తలుపు. అయితే ఏమి? కుడి రెక్కకు బీగం, ఎడమ రెక్కకు బీగం నాలుక దూరే బొక్క. అయిపాయె! మధ్యాన్నానికంతా బిగించేసినా. వేలు పెట్టినా. కిర్రుమనింది. "వెల్కం హోమ్" అనింది లోపలి అమ్మాయి. పెండ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో నన్ను వెల్కం అనిన మనిషి లేదప్పా, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

ఆడితో ఆగింటే బాగుండేది. దూరంగా నిలబడి సూసినా. బీగం నల్లగా నిగనిగలాడతా ఉండాది. ఎడమ రెక్కను పట్టుకోని ఉండే పైగడియ, కిందగడియ మాత్రం పాత ఇత్తడివి. పట్టుచీర మీద రబ్బరు చెప్పులేసుకున్నట్టుండాది. సుగుణ మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ కోసం అంగళ్ళన్నీ తిరుగుతా ఉంటే ఇన్నేండ్లు ఎగతాళి చేసినాను నేను. ఇప్పుడు నాకే పట్టుకునింది ఆ పిచ్చి! రెండు ఇత్తడి గడియల్నీ పీకి అటక మీద పడేసినా. బయటేసే పాత ఇత్తడి బీగం కూడా వాటితోనే. నల్ల గడియలకు ఆర్డర్ పెట్టినా, వారంలో వస్తాయి. వానలకు చెక్క ఉబ్బి ఉండాది కాబట్టి గడియ లేకపోయినా ఎడమ రెక్క బిర్రుగా నిలబడే ఉండాది.

ఇంకా ఉండాది నా తెలివి. వెనక తలుపు బీగం కూడా మార్చేసినా, మ్యాచింగే! కరెంటు లేకపోయినా, ఏం జరిగినా తీసుకునేదానికి ముందు బీగానికొక అసలు చెవి ఇచ్చింటారు. వెనక బీగం కూడా అదే చెవికి తెరుచుకునే రకం తెచ్చినా. "ఒకే చెవి, ఇల్లంతా!" అని సుగుణకు జెప్పినా. "అది పోతే?" అనింది. "శుభమా అని పెట్టుకుంటే అపశకునం మాటలేందే నీకు?" అని కసిరినా.

మరుసటి రోజే నాయుడుపేట నుంచి సుగుణ వాళ్ళ చిన్నమ్మ, అంటే మా చిన్నత్త, చిన్నమామతో దిగింది. చిన్నమామకు మోకాలు ఆపరేషన్ అయినాది. ఆయన నడిస్తే కొండకొస్తానని మొక్కుకోనుండాది ఆమె. నెలల తరబడి ఫోను పట్టుకోని కూసుంటే ఆ మధ్యాన్నానికి దర్శనం టికెట్లు దొరికినాయి. ఆ టైము దాటితే మళ్ళ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాల. టాక్సీ వచ్చి గేటు ముందర నిలబడింది. సంచీలు, టికెట్లు, ఆధార్ కార్డులు హాల్లో సోఫా మీద సర్దిపెట్టుకునింది చిన్నత్త.

బయల్దేరే ముందు సుగుణకు పుట్టింది బుద్ధి. "కొత్త వస్తువు. పూజ చెయ్యకుండానే వాడేస్తా ఉండారు. చిన్నమ్మ చేతుల్తో ఒక కొబ్బరికాయ కొట్టించి పంపిద్దాం" అనింది. మంచిదే గదా! కొత్త బండికి చెయ్యమా, కొత్త మిక్సీకి చెయ్యమా? బీగంచెవి ముందే పూజగదిలో స్వామి పాదాల కాడ పెట్టేసిందంట. అందరం వాకిట్లోకి వచ్చినాం. పూజకు తలుపు మూసుండాల గదా అని నేనే మూసినా. కిర్రు... "డోర్ లాక్డ్" అనింది అమ్మాయి. "చూసినారా మామా, దానంతట అదే!" అని మీసం దువ్వినా.

చిన్నత్త పూజ చేసిందప్పా, ఏం పూజ! వేలు పెట్టే అద్దం మీద చందనం మెత్తింది. దాని మీద కుంకుమ. నంబర్లుండే పలక మీద పసుపుతో మూడు అడ్డగీతలు. పైన కర్పూర హారతి, మసి. నేను కూడా భక్తిగా కండ్లు మూసుకోని నిలబడినా. కండ్లు తెరిచి, "ఇంక సంచీలు తీసుకోండి" అని వేలు పెట్టినా.

"ట్రై అగేన్."

పెట్టినా.

"ట్రై అగేన్."

"ఏమంటా ఉండాది అల్లుడా ఆ పిల్ల?" అనింది చిన్నత్త.

"మళ్ళ పెట్టమంటా ఉండాది అత్తా."

"మర్యాదగా అడగతా ఉండాది, పెట్టబ్బాయ్!"

పంచె చెంగుతో తుడిచినా. చందనం, కుంకుమ, పసుపు కలిసి పేస్టయి పోయింది. నంబరు నొక్కినా. ఒకటి నొక్కితే ఏడు పడతా ఉండాది. "నీళ్ళతో కడిగితే పోతాది" అంటా, నేను చెయ్యడ్డం పెట్టేలోపల చిన్నత్త చేతిలోని కొబ్బరి చిప్ప నీళ్ళు దాని మొకాన కొట్టింది! అమ్మాయి "ట్రై... ట్ర్రై... ట్ర్..." అని గొంతు పూడుకోని సచ్చిపోయింది. వెల్కం అనిన ఒక్క మనిషీ పాయె!

"ఫోన్లో నొక్కండి" అనింది సుగుణ. ఫోను హాల్లో చార్జింగు కాడ ఉండాది. "అసలు చెవి?" స్వామి పాదాల కాడ. "వెనక తలుపు?" అదీ అదే చెవి. కిటికీలకన్నిటికీ ఇనప గ్రిల్లు, అవీ మనమే గట్టిగా పెట్టించుకున్నాం. సుగుణ నన్ను ఒక సూపు సూసింది. "ఒకే చెవి, ఇల్లంతా" అనింది, నా గొంతుతోనే.

ఆ గలాటాకు ఖాజా భాయ్ గోడ దూకినంత పని చేసి వచ్చినాడు. మొకం వెలిగిపోతా ఉండాది. "టెన్షన్ వద్దన్నా! మీ ఇంటి బీగంచెవి ఒకటి ఇన్నేండ్లుగా నా దగ్గరుండాది గదా!" అని పాత ఇత్తడి చెవి తీసి ఊపినాడు. ఏమని జెప్పేది? ఆ చెవి ఉండాది, ఆ బీగం అటక మీద ఉండాది, అటక ఇంట్లో ఉండాది. ఆయన చెవిని పట్టుకోని తలుపు పైనుంచి కింది దాకా వెతికినాడు, యాడైనా దూరతాదేమో అని. పాపం అనిపించింది.

"సరే అన్నా, ఒకసారి భుజమేసి తోద్దామా?" అన్నాడు.

"తోయొద్దు!" అని అడ్డం పడినా. "లోపల మోటారుండాది. వీడియోలో స్పష్టంగా జెప్పినాడు, ఫోర్స్ చేస్తే వారంటీ పోతాదని!"

టాక్సీ డ్రైవరు హారన్ కొట్టినాడు. "అల్లుడా, టైమైపోతా ఉండాది" అన్నాడు చిన్నమామ, మోకాలు పట్టుకోని. "నేనైనా తోస్తా పక్కకు జరగండి" అనింది సుగుణ. "వారంటీ!" అన్నా. "మనుషులు కొండకు పోకపోతే మీ వారంటీ నెత్తిన పెట్టుకోని ఊరేగతారా?" అని అరిచింది. అయినా నేను ఇంచి జరగలేదప్పా. ద్వారపాలకుడి మాదిరి చేతులు చాపుకోని నిలబడినా, నా ఇంట్లోకి నన్నే పోనీకుండా.

అప్పుడు చిన్నత్త కొండ పక్క తిరిగి చేతులు జోడించింది. "ఇన్ని నెలలు ఎదురుచూసి, గుమ్మం దాకా వచ్చి ఆగిపోవాల్నా నాయనా? మా ఆయన్ని నడిపించినావు. నీ దగ్గరికి నడిపించుకోని రానీవా?" అనింది. కండ్లల్లో నీళ్ళు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. పక్కకు జరిగినా. ఆమె తలుపు ముందర నిలబడి, కుడిచెయ్యి ఒక రెక్కకు, ఎడమచెయ్యి ఒక రెక్కకు ఆనించి, నొసలు మధ్యలో మోపి, ఒళ్ళంతా వాల్చేసి, "గోవిందా!" అని అరిచింది.

ఢబ్!

రెండు రెక్కలూ ఒక్కసారిగా లోపలికి విచ్చుకున్నాయి! చిన్నత్త ఆ ఊపులో "గోవిందా, గోవిందా, గోవిందా" అంటా హాలంతా దాటుకోని పొయ్యి సరిగ్గా సోఫాలో, సంచీల పక్కనే పడింది. దెబ్బేం తగల్లేదు. లేచి, చేతులు జోడించి, ఏడస్తా నవ్వతా అనింది, "పలికినాడు! నా స్వామి పలికినాడు! బీగం తియ్యకుండానే తలుపు తెరిచినాడు!"

నేను తలుపును సూసినా. బీగం తెరుచుకోలేదప్పా. వేసినట్టే ఉండాది, నాలుక బయటికి చాపుకోని నన్ను వెక్కిరిస్తా ఉండాది. ఎడమ రెక్క పైన గడియ పీకేసిన చోట ఒట్టి తెల్లమచ్చ. గడియ లేని రెక్కకు ఎంత పెద్ద బీగమేస్తే ఏమి, గట్టిగా తోస్తే రెండూ కలిసే పోతాయి గదా! ఈ పని ఖాజా భాయ్ ఎప్పుడో చేస్తానన్నాడు. అడ్డం నిలబడింది ఎవరు? వారంటీ కాపాడిన మొనగాడు. సోఫా పక్కన నా ఫోను చార్జింగులో ఉండాది. తెర మీద ఇంగ్లీషులో మెసేజీ, తలుపు లాక్ అయింది, మీ ఇల్లు భద్రంగా ఉంది అని.

ఖాజా భాయ్ తెల్లమచ్చను సూసినాడు. నన్ను సూసినాడు. నేను కండ్లతోనే దండం పెట్టినా. ఆయన గడ్డం నిమురుకోని, నవ్వు మింగి, "మాషా అల్లా! పెద్ద మహిమ చిన్నమ్మా!" అన్నాడు. మనిషంటే ఆయనే అప్పా!

దర్శనం దొరికింది. చివరి నిమిషంలో లైన్లోకి దూరినారంట. చిన్నమామ ఎవరి సాయమూ లేకుండా నడిచినాడంట. సంతోషం. దిగొచ్చినాక చిన్నత్త నాయుడుపేటలో ఇంటింటికీ తిరిగి జెప్పింది. అప్పట్నుంచి మొదలైనాయి మా తలుపుకు దండాలు.

సుగుణకు నిజం తెలీదనుకుంటిని. వారం తర్వాత నల్ల గడియల పార్సెల్ వచ్చింది. తెరిచి సూసింది. తల పైకెత్తి తెల్లమచ్చను సూసింది. నిచ్చెనేసుకోని అటకెక్కి పాత ఇత్తడి గడియలు, పాత ఇత్తడి బీగం దించి నా చేతిలో పెట్టింది. అన్నీ బిగించినా. ఖాజా భాయ్ దగ్గరుండే చెవి ఇప్పుడు భేషుగ్గా పడతా ఉండాది.

నల్లబీగాన్ని మాత్రం పీకనీలేదు. చిన్నత్త ఫోన్లో అడగతాదంట, "శుక్రవారం దానికి కుంకుమ పెట్టినావా?" అని. పెడతానే ఉండాది సుగుణ. తుడిచి, చందనం పూసి, ఒక పువ్వు కూడా. పోయిన శుక్రవారం నేను పడక్కుర్చీలో కూసోని టీ అడిగినా. బీగానికి పువ్వు పెడతా, తల తిప్పకుండానే అనింది, "ఒక్క పనికీ రాకుండా ఇంట్లో సేవలు చేపించుకునేవాళ్ళు ఇన్నాళ్ళూ ఒక్కరే ఉండిరి. ఇప్పుడు ఇద్దరైనారు."