కుడి దారి కొలతలు

కరీంనగర్ బేకరీలో రొట్టెకు చుట్టే పలుచని కాగితం పరపరలాడితే ఈ వయసులోనూ నా వెన్ను నిటారవుతుంది. అలాంటి కాగితాన్నే మా లింగయ్య సార్ మధ్యకు మడిచి కిటికీ వెలుగుకు పట్టేవారు.

మంచిర్యాల దగ్గరి బొగ్గుబావిలో సర్వే గదికి ఆయన పెద్ద. సిరిసిల్ల నేతవాళ్ల ఇంట పుట్టిన మనిషి. బొగ్గు తీసే చోటుకు ఎడమన ఒక దారి, కుడిన ఒక దారి ఉండేవి. పైకప్పు ఎంత దిగిందో వారం వారం కర్రతో కొలిచి ఆయన కింద పనిచేసే మేము అంకెలు తెస్తే, ఆయన వాటిని గీతలు చేయించేవారు. కాగితం ఎడమ సగంలో ఎడమ దారిది నీలం, కుడి సగంలో కుడి దారిది ఎరుపు. చీర అంచులు చూసినట్టు కాగితం మడిస్తే, రెండు గీతల పోలిక ఎక్కడ చెదిరిందో అక్కడ ఆయన గోరు ఆగేది. ఇప్పుడు ఆ పోలికలను కంప్యూటర్లు పట్టుకుని రంగుల్లో చూపిస్తాయట. చూపించనీ! కాలేజీ గడప తొక్కని నాకు ఆ విద్య నేర్పిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ ఎందుకు లేదని అడిగితే మాత్రం చదువుకున్నవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

ఒక వానాకాలం కుడి దారిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నేను ఎడమ దారి కొలిచి, అవే అంకెలు కుడివైపూ రాసేశాను. ఎప్పుడూ దగ్గరదగ్గరగానే ఉంటాయి కదా అనుకున్నాను. సార్ కాగితం మడిచారు. నీలం గీత మీద ఎరుపు గీత అచ్చుగుద్దినట్టు కూర్చుంది.

"మంచిగ కలిసింది గద సార్?" అన్నాను, మెచ్చుకుంటారని.

"గింత మంచిగ మగ్గం మీద గూడ కలువది రాజయ్యా. కుడి దిక్కు పోయినవా?"

"నీళ్లున్నయి సార్..."

"నీళ్ల ముచ్చట నేనడిగిన్నా?"

"పోలే సార్."

ఆయన తిట్టలేదు. కర్ర నా చేతికిచ్చి "నడువు" అన్నారు. నీళ్లలో నిలబడి కొలిస్తే, పోయిన వారం నేలకూ కప్పుకూ మధ్య సరిగ్గా పట్టిన కర్రను జానెడు కురచ చేయాల్సి వచ్చింది; కప్పు అంత దిగింది. ఆ పక్కనే ఎనిమిది మంది బొగ్గు ఎత్తుతున్నారు.

"ఎక్కడియక్కడ ఇడిసిపెట్టి రాండ్రి!" అని సార్ కేక వేశారు.

"నా తట్ట తెచ్చుకుంట సార్" అన్నాడొక పెద్దాయన.

"తట్టకు పెండ్లాం పిల్లలున్నరా? నడువు!"

సాయంత్రానికి ఆ కప్పు కూలింది. కింద తట్టలే ఉన్నాయి.

మర్నాడు మేనేజర్ ఎవరు కనిపెట్టారని అడిగితే, సార్ "రాజయ్య కొలిసిండు" అన్నారు. అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బయటికి వచ్చాక చెప్పారు: "కొలువకుంటే ఖాళీ ఇడువు. ఖాళీ జూస్తే మనిషి జర భయపడ్తడు, పోయి చూస్తడు. నీ దొంగ అంకె జూస్తే ధీమాగ పండుకుంటడు."

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను గీసిన పటాల్లో చాలాచోట్ల ఎరుపు గీత తెగిపోయి ఉండేది. పై ఆఫీసర్లు పని రాదన్నారు, అసంపూర్ణమని తిప్పి పంపారు. నేను మాత్రం కొలిచి వచ్చేదాకా ఆ ఖాళీని పూరించలేదు.