ముందుగదిలో గడువు నెల

పన్ను రిటర్నుల గడువు నెల వచ్చిందంటే ఒకప్పుడు ఆ ఇంటి వరండాలో చెప్పులు విడవడానికి చోటు ఉండేది కాదు. ముందుగదిలో గోడవారగా వేసిన బెంచీ మీద ఒకరి భుజం ఒకరికి తగులుతూ జనం కూర్చునేవారు. లారీ డ్రైవరు, పాటలు నేర్పే టీచరమ్మ, దర్జీ, ఆసుపత్రి నర్సు. ఒకరి బతుక్కీ ఇంకొకరి బతుక్కీ ఎక్కడా పొంతన ఉండదు. అయినా ఏడాదికోసారి ఆ బెంచీ మీద పక్కపక్కన చేరేవారు. ఒకరి బిడ్డను ఇంకొకరు ఒళ్లో వేసుకునేవారు. వరుస దాటి దూరబోయిన మనిషిని అందరూ కలిసి నవ్వుతూనే వెనక్కి లాగేవారు. టేబులు వెనక ట్యాక్సక్కయ్య ఉండేది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఎవరినో అనుకుని ఊరుకుంటుంది. పెళ్లికి ముందు ఒక ఆడిటరు దగ్గర టైపు కొట్టేది. కొడుతూ కొడుతూ పన్నుల సంగతులన్నీ పట్టేసింది. పెళ్లయ్యాక, బస్సులు బాగుచేసే మెకానిక్కు అయిన భర్త ముందుగదికి రంగు వేయించి, పాత టేబులుకి కొత్త కాలు బిగించి, "ఇదిగో నీ ఆఫీసు. ఇక నీ ఆఫీసరువి నువ్వే. సెలవు కావాలంటే నీకు నువ్వే అర్జీ పెట్టుకో" అన్నాడు.

ఆవిడ పద్ధతి ఆవిడది. ఎవరొచ్చినా కాగితాల సంచి ముట్టుకునేది కాదు. కుర్చీ పక్కన కింద పెట్టించేది.

"సంచి ఎక్కడికీ పారిపోదులే. ఈ ఏడు ఇంట్లో ఏం జరిగిందో చెప్పు ముందు."

"ఏం జరుగుతుంది అక్కయ్యా, అంతా మామూలే" అనేవారు అందరూ. ఆ మామూలులోంచే ఒక్కొక్కటీ బయటికొచ్చేది. భార్యకి ఆపరేషన్ అయింది. వదినగారు పిల్లలతో సహా వచ్చి తమ దగ్గరే ఉండిపోయింది. కొత్త కుట్టుమిషను కొన్నారు, అది మూడోరోజే మొరాయించింది. చెప్పేవాళ్లకి అవి కష్టసుఖాలు. ట్యాక్సక్కయ్యకి వాటిలో ప్రతిదానికీ రిటర్నులో ఒక చోటు ఉండేది. పన్ను తగ్గే దారులన్నీ ఆ కబుర్లలోనే దొరికేవి. అంతా విన్నాక "దేవుడున్నాడులే" అని, అప్పుడు పెన్ను తీసేది. ఆ మాట వినడానికే సగంమంది వస్తారని భర్త వేళాకోళం చేసేవాడు.

అదంతా ఇప్పుడు తలుచుకోవడానికే మిగిలింది. ఈ ఏడాది ఫోనే అడుగుతోంది, ఫోనే నింపుతోంది, ఫోనే పంపుతోంది. పాటల టీచరమ్మకి అల్లుడు చేసిపెట్టాడు. లారీ డ్రైవరుకి వాళ్ల కంపెనీయే చేసింది. గడువు నెల సగానికి వచ్చినా బెంచీ మీద దుమ్ము తుడవడం తప్ప ట్యాక్సక్కయ్యకి పని లేదు. ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

"ఏమోయ్, ఆ ఈగలకి కూడా రిటర్నులు వేసెయ్యరాదూ? పాపం, నమ్ముకుని రోజూ వస్తున్నాయి" అన్నాడు భర్త.

ఆవిడ నవ్వింది గాని ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోలేదు. వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే అతని కొట్టు రోడ్డు వెడల్పు చేయడంలో పోతోంది. ముందుగది అద్దెకిస్తారా అని అతను అడిగి వెళ్లాడు. భర్త రిటైరయ్యాడు. వచ్చే పింఛను మందులకీ కూరగాయలకీ సరిపోతోంది, అంతే. భార్యాభర్తలు ఒక మాట అనుకున్నారు. గడువు ముగిసేదాకా చూద్దాం. జనం వస్తే గది ఆవిడది. రాకపోతే అతనికి ఇచ్చేద్దాం. ఆవిడ ఒప్పుకుంది గాని, రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు "స్వామీ, నాకింకేం వద్దు, ఈ గది నా చేతుల్లోంచి పోనివ్వకు" అనే అడుగుతోంది.

ఆ ఆదివారం చెల్లెలి కూతురు చూడ్డానికి వచ్చింది. కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తుంది. పెద్దమ్మ మొహం చూడగానే సంగతి పట్టేసింది.

"జనం రావట్లేదని దిగులెందుకు పెద్దమ్మా? నువ్వే ఫోను చేసి కాగితాలు ఫొటోలు తీసి పంపమను. అందరి పోయినేడాది వివరాలూ నీ కంప్యూటర్లో ఉన్నాయిగా? వాటినే ఈ ఏడాదికి దించుకో. మారిన అంకెలు మార్చు. వాళ్ల ఫోనుకి పంపితే చూసుకుని సరే అని నొక్కుతారు. అంతే!"

"మరి మాట్లాడొద్దా?"

"రిటర్నుకి మాటలెందుకే పెద్దమ్మా! నువ్వు మరీనూ."

పిల్ల చెప్పినట్టే చేసింది ట్యాక్సక్కయ్య. ఫోన్లు చేస్తే పాతవాళ్లలో కొంతమంది సంతోషంగానే ఫొటోలు పంపారు. "మీరు మర్చిపోయారేమో అనుకున్నాం అక్కయ్యా" అన్నారు కూడా. ఒక్కో రిటర్నూ ఇట్టే అయిపోయేది. చాలా రోజుల తరవాత ఆవిడ మొహం విప్పారింది.

"చూశావా, ఈగలు అలిగి వెళ్లిపోయాయి" అన్నాడు భర్త.

ఫొటోలు పంపినవాళ్లలో కరెంటు పనిచేసే ఆయన ఒకడు. అతను మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ. 'ఊళ్లో అందరి ఫ్యూజులూ వేస్తాడు, ఆయన నోట్లో ఫ్యూజు మాత్రం ఎగిరిపోయింది' అని బెంచీ మీద నవ్వుకునేవారు. ఏటా తల్లిని వెంటపెట్టుకుని వచ్చేవాడు. ఆ పెద్దావిడ కుర్చీలో కూర్చుంటే అతను వెనక నిలబడేవాడు. "మావాడు నోరు విప్పడు, నేను చెబుతా, రాసుకో తల్లీ" అని కొడుకు ఇంట్లో మూలమూలనా జరిగినదంతా చెప్పేది. చెప్పడం అయ్యాక బెంచీ మీదకి చేరి, విసనకర్ర తీసి, ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా విసిరేది. ఈసారి అతను ఫొటోలు పంపాడు, పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన సంగతి తెలిసిందేగా అనుకుని ట్యాక్సక్కయ్య పోయినేటి వివరాలు దించి, అంకెలు మార్చి, పంపింది. అతను సరే అని నొక్కాడు. రిటర్ను వెళ్లిపోయింది.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. అతనికి ఫొటోలు తీసే ఫోను లేదు. సంచి కింద పెట్టి, అలవాటుగా కబుర్లు మొదలుపెట్టాడు. చూపు తగ్గింది, సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తోంది. ఉన్నట్టుండి నిట్టూర్చాడు.

"అన్నీ సరేనమ్మా. కరెంటాయన ఇంటి మీదుగా వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు. ఆ పెద్దావిడ గుమ్మంలో కూర్చుని 'ఏం నాయనా, తిన్నావా' అని అడిగేది. ఇప్పుడెవరడుగుతారు?"

"అదేమిటి బాబాయ్? ఆవిడకేమైంది?"

దర్జీ కళ్లజోడు తీసి ఆవిడ వంక చూశాడు. "నీకు తెలియదూ? చలికాలంలోనే పోయిందమ్మా. ఆసుపత్రిలో చాలా రోజులు పడింది పాపం. నీ దగ్గరికి రాకుండా ఎలా ఉంటాడులే, చెప్పే ఉంటాడనుకున్నాను."

ట్యాక్సక్కయ్యకి తల తీసేసినట్టయింది. కంప్యూటర్లో ఆ రిటర్ను తెరిచింది. 'తల్లి, కొడుకు దగ్గరే ఉంటున్నారు, పోషణ కొడుకుదే.' పోయినేడాది ఆ పెద్దావిడే ఎదురుగా కూర్చుని చెప్పి రాయించిన మాటలు, అలాగే దిగాయి.

సాయంత్రం భర్తకి చెప్పింది. "గడువు ఇంకా ఉందిగా, మార్చి మళ్లీ వేసేస్తే సరి" అన్నాడాయన.

"కాగితం మార్చొచ్చండీ. తల్లి పోయిన మనిషికి 'మీ అమ్మగారు మీ దగ్గరే ఉంటున్నారు, సరేనా' అని ఫోనులో పంపాను. అదెలా మార్చను?"

ఆయన ఈసారి వేళాకోళం ఏమీ ఆడలేదు. "పొద్దున్నే వెళ్లు. నేను దింపుతాను" అన్నాడు.

అన్నేళ్లలో ఆవిడ ఎవరింటికీ రిటర్ను పని మీద వెళ్లి ఎరగదు. అందరూ ఆవిడ గుమ్మం తొక్కినవాళ్లే. కరెంటాయన వసారాలో ఒక ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఆవిణ్ణి చూసి గబుక్కున లేచి, కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"నాయనా, పెద్ద పొరపాటు చేశాను. అమ్మ పోయిన సంగతి నాకు తెలియదు. నువ్వు నోరు విప్పవని తెలిసి కూడా నేను అడగలేదు. పోయినేటిదే దించి పంపేశాను."

అతను చేతుల మసి గుడ్డకి తుడుచుకున్నాడు.

"చూశాను అక్కయ్యా" అన్నాడు.

"చూసి?"

"చూసే నొక్కాను."

అతనే మళ్లీ అన్నాడు, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "బ్యాంకులో పేరు తీసేశారు. రేషన్లో తీసేశారు. ఆసుపత్రివాళ్లు ఆ రోజే తీసేశారు. మీ దాంట్లో ఒక్కదాంట్లోనే ఉంది. మా దగ్గరే ఉంటోందని ఉంది. తియ్యమని నేనెలా చెప్తాను?"

"ఆ రోజంతా ఫోను తీసి చూసుకుంటూనే ఉన్నారండీ" అంది లోపలినుంచి వచ్చిన అతని భార్య, టీ గ్లాసు ఆవిడ చేతికిస్తూ. "ఏముంది అందులో అంటే చెప్పరు."

అప్పుడు కూర్చుంది ట్యాక్సక్కయ్య. "అమ్మ గురించి చెప్పు" అంది.

ఆ మనిషి మాట్లాడాడు. ఆసుపత్రిలో తల్లి మంచం పైన లైటు గీపెడుతూ ఉండేదట. తనకి బాగాలేకపోయినా, "పక్క మంచం ఆవిడకి కన్ను మూతపడట్లేదురా, దాని సంగతి చూడు" అని కొడుకుని తరిమిందట. ఇతను స్టూలెక్కి బాగుచేస్తుంటే, ఆ వార్డులో మంచాలన్నిటికీ వినబడేలా "మావాడే, మావాడే" అని చెప్పుకుందట. చెబుతూ చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. భార్య గుమ్మానికి ఆనుకుని, ఇవన్నీ తనకీ కొత్తే అన్నట్టు వింటోంది.

"ఆసుపత్రి రసీదులున్నాయా?" అని అడిగింది ట్యాక్సక్కయ్య కాసేపయ్యాక.

"ఉన్నాయి. మీరడగలేదు, నేను పంపలేదు."

"వాటికి పన్నులో మినహాయింపు వస్తుంది. అది నేను పోగొట్టేదాన్ని. ఇంకో మాట. అమ్మ పేరు తియ్యక్కర్లేదు. ఆ ఏడాదిలో బతికి ఉన్నన్నాళ్లూ నీ దగ్గరే ఉంది కనక రిటర్నులో ఉంటుంది. పోయిన తేదీ పక్కన రాయాలి."

అతను తలెత్తాడు. "ఉంటుందా?"

"ఈ ఏటికి ఉంటుంది."

"వచ్చే ఏటికి?"

అబద్ధమాడితే ఆ క్షణం తేలిగ్గా గడిచిపోయేది. కానీ ఆవిడకి అది చేతకాలేదు. "వచ్చే ఏటికి ఉండదు నాయనా."

అతను తల ఊపాడు. తరవాత, "అయితే ఈ ఏటిది సరిగ్గా రాయండి. తేదీ నేను చెప్తాను" అన్నాడు.

వచ్చేటప్పుడు స్కూటరు మీద భర్త వెనక కూర్చుంది. ఫొటోలు పంపినవాళ్లందరూ కళ్లముందు తిరుగుతున్నారు. ఎవరింట్లో ఏం జరిగిందో, ఒక్కళ్లనీ అడగలేదు. ఇంటికి రాగానే ఆ సంగతే చెప్పింది. ఆయన నిట్టూర్చి స్కూటరు మళ్లీ బయటికి తీశాడు.

గడువు ముగిసేలోపల ఆ ఇళ్లన్నీ తిరిగింది. కాగితాల మీద చిరునామాలుగా మాత్రమే తెలిసిన ఇళ్లు. ఒకరింట్లో మంచం మీద బట్టల కుప్ప పక్కకి నెట్టి కూర్చోబెట్టారు. ఒకరింట్లో పొయ్యి ముందు పీట వేశారు. ఏ ఇంట్లోనూ ఆవిడ మంచినీళ్లు తాగకుండా బయటపడలేదు. నర్సుగారింట్లో మార్చాల్సింది ఏమీ లేదు, అయినా గంటసేపు కూర్చోబెట్టి కూతురికి నెలలు నిండుతున్నాయని చెప్పింది. కొందరివి రెండేసి చోట్ల సరిచేయాల్సి వచ్చింది, ఒకాయన పన్ను పెరిగింది కూడా. "అక్కయ్యా, ఇంటికొచ్చి మరీ నెత్తిన కొట్టారు కదా" అని మొత్తుకున్నాడు. మొత్తుకుంటూనే ఎండలో వెళ్లకండని గొడుగిచ్చి పంపాడు.

గడువు ముగిసింది. ముందుగదిలో దర్జీ తరవాత ఎవరూ కూర్చోలేదు. సెల్‌ఫోన్ల అతను మొహమాటపడుతూ వరండాలో నిలబడ్డప్పుడు, భర్త నోరు తెరవకముందే ఆవిడే వెళ్లి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"చల్లగా ఉండు నాయనా. అచ్చొచ్చిన గది. దుమ్ము మాత్రం పట్టనివ్వకు" అంది.

అతను వెళ్లాక భర్త అన్నాడు, "ఏడుస్తావనుకున్నానే."

"ఏడ్చాను లెండి, పొద్దున్నే. మీరు పేపరు చదువుతున్నారు." ముక్కు ఎగబీల్చింది. "అన్నేళ్లు అంతమందిని ఆ గది తన కడుపులో పెట్టుకుంది. ఆమాత్రం ఏడవద్దూ?"

"మరి వచ్చే ఏడు?"

"నేనే ఇళ్లకి వెళ్తాను. ఎంతమందుంటే అంతమంది."

"నీ మోకాళ్లో?"

"మీ స్కూటరుందిగా."

"అంటే రిటైరయ్యాక నీ దగ్గర డ్రైవరుద్యోగమన్నమాట! జీతమెంతో చెప్పు."

"మీ ఆఫీసరుకి మీరే అర్జీ పెట్టుకోండి. ముందు బండి తియ్యండి, నర్సుగారింటికి వెళ్లాలి."

"గడువు అయిపోయిందిగా, ఇంకా ఏం రిటర్ను?"

"రిటర్నేం లేదండీ" అంది ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "వాళ్లమ్మాయికి పాప పుట్టిందట. చూసొద్దాం."