బాక్సరు గౌనుకు జాకెట్టు హుక్కులు

నలుగురిలో నోరు తెరవని నేను, మొన్న ఆదివారం హిందూపురంలో అంతమంది ముందర ఒక ఫారిన్ మనిషి పొట్ట మీద చెయ్యి పెట్టి నిలబడినాను! ఎందుకో వినండి.

పెనుకొండలో నా కుట్టుకు పేరుండాది. బట్ట చిరిగినా సరే, నేను పెట్టిన హుక్కు ఊడదు. చదివింది ఐదో తరగతే గానీ, కత్తెర పట్టుకుంటే నాకెవరన్నా భయం లేదు.

మా తమ్ముడు రమణ బెంగళూరులో బాక్సింగ్ పోటీలు పెట్టే ఫారిన్ కంపెనీలో పని చేస్తాడు. పోయిన నెల ఒక బాక్సరు ఫోటో పట్టుకొని వచ్చినాడు.

"వాళ్ల దేశంలో చూసి చూసి జనానికి మొగం మొత్తిందక్కా. మన దేశంలో కొత్తగా గిరాకీ లేపాలని చూస్తాండారు. బెంగళూరులో పెద్ద పోటీ. దానికి ముందు హిందూపురంలో చిన్నది పెట్టి, జనం వస్తారో రారో చూస్తారంట. బాక్సరు వేసుకొచ్చే గౌను మన పట్టుతో కుట్టిద్దామని నేనే చెప్పినా. ఇది కుదిరితే బెంగళూరు గౌన్లన్నీ నీకే. నా పరువు తీయొద్దు!"

"నేనుండా గదరా!" అన్నాను.

ధర్మవరం పోయి ఎర్ర పట్టు, జరీ అంచు తెచ్చినాను. ఫోటోలో ఆ మనిషి గౌను ముందర తెరుచుకొని, రొమ్మంతా కనిపిస్తా ఉండాది. సిగ్గేసి సరిగా చూడలేదు. నడుముకు ఉత్త బొందె కడితే నిలుస్తాదా? మర్యాదగా ఉండాలని మెడ నుంచి మోకాళ్ల దాకా హుక్కులు పెట్టేసినాను. దగ్గర దగ్గరగా!

ఆదివారం హిందూపురంలో పోటీ పెట్టిన షెడ్డు నిండా జనం. నేను ముందు వరసలో. చేతులకు గ్లౌజులు, పైన నా గౌను, తప్పెట్ల మధ్య బాక్సరు వచ్చినాడు. పట్టు తళతళ మెరుస్తాంటే నాకు ఒకటే గర్వం!

రింగు తాళ్ల లోపలికి పోయి గౌను తీయబోయినాడు. గ్లౌజులతో హుక్కులు యాడ వస్తాయి? వాటిని తగిలించిన రమణే ఉరికినాడు. అప్పటికే బాక్సరు ఎగిరెగిరి ఒళ్లు ఉబ్బి, గౌను తప్పెట మాదిరి బిగుసుకొని ఉండాది. రెఫరీ కూడా లాగినాడు. ఊహూఁ!

"ఏమప్పా, కొట్టుకుంటారా, గుడ్డలు కట్టుకుంటారా?" వెనక నుంచి ఎవరో.

"పెండ్లికూతురికి సిగ్గేస్తాండాదేమో!"

కంపెనీ పెద్దాయన కోపంగా చెయ్యి ఊపినాడు. రమణ కత్తెర తీసినాడు.

"కత్తెర పెట్టొద్దురా! అది ధర్మవరం పట్టు!"

ఆ కేక నాదే! షెడ్డంతా నా వైపే తిరిగింది. ఇంక కూర్చునేదానికి మొగం యాడుండాది? కొంగు దోపి రింగు ఎక్కేసినాను. ఆ కొండంత మనిషి నన్ను చూసి బెదిరినాడు. నేను అలవాటు కొద్దీ పొట్ట మీద తట్టి,

"ఊపిరి లోపలికి పీల్చమ్మా!" అన్నాను.

పైన మైకు ఉన్నట్టు నాకేం తెలుసు? జనం పడి పడి నవ్వినారు. రమణ ఇంగ్లీషులో చెప్పినాడు, ఆయన పీల్చినాడు. హుక్కు తర్వాత హుక్కు, మోకాళ్ల దాకా తీసుకుంటా పోయినాను. ఒక్కో హుక్కుకూ ఈలలు! గౌను ఊడినాక ఆయన రెండు గ్లౌజులూ కలిపి నాకు దండం పెట్టినాడు. అప్పుడు చూసినాను, ఆయన ఒంటి మీద చొక్కా లేదు! కొంగు మొగానికి కప్పుకొని దిగినదాన్ని మళ్లీ తీయలేదు. ఎవరు గెలిచినారో నన్నడగొద్దండి.

ఆర్డరు మాత్రం నాకే వచ్చింది. పెద్దాయన నవ్వి నవ్వి ఇచ్చినాడంట, హుక్కు ఒక్కటి కూడా కనపడకూడదని చెప్పి.

ఇప్పుడు పెనుకొండలో జాకెట్టు కొలతకొచ్చే ప్రతి ఆడమనిషీ రెండు పిడికిళ్లూ పైకెత్తి నిలబడతాండాది.

"ఊపిరి పీల్చమంటావా అక్కా?"