పాత కరెంటు బిల్లులు

మాదాపూర్ వైపు నెలకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. హైదరాబాద్‌లో బస్సు దిగితే చాలు, ఎవరికైనా కంప్యూటర్ ఉద్యోగం దొరుకుతుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మా నాన్న నన్ను మోతీనగర్‌లో పిన్ని వాళ్లింట్లో దింపి, అమీర్‌పేటలో ఒక కోర్సులో చేర్పించి వెళ్లాడు. కోర్సు పూర్తయింది. నాతో చదివినవాళ్లంతా మెడలో కార్డులు వేలాడేసుకుని కంపెనీ బస్సులెక్కారు. నేను మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ రెండో ప్రశ్న దాటలేదు. చివరికి నాకు అన్నం పెట్టింది అంత ఖర్చు పెట్టి నేర్చుకున్న విద్య కాదు, ఎవరూ అడగకుండా నేర్చుకున్న తెలుగు టైపింగ్. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా రచయితకు టైపు చేసిపెట్టే మనిషి కావలసి వచ్చి నేను చేరిపోయాను. (ఇంట్లో "కంప్యూటర్ ఉద్యోగం" అనే చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు కదా!)

ఆయన్ని అందరిలాగే నేనూ గురువుగారూ అనే పిలిచేదాన్ని. కోస్తా మనిషి, అరవై దాటినవారు, మనసు వెన్న, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ఆయన ఉయ్యాల బల్ల మీద పడుకుని కళ్లు మూసుకుని డైలాగులు చెబుతుంటే, నేను ఎదురుగా కూర్చుని ఒక నిర్మాత ముచ్చటపడి కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో టైపు చేసేదాన్ని. సీన్ కుదిరిందనుకుంటే "శభాష్" అని తనకు తానే చెప్పుకుని లేచొచ్చి, ల్యాప్‌టాప్‌ను నోట్‌బుక్ మూసినట్టు టప్పున మూసేవారు. నలభై ఏళ్లుగా నోట్‌బుక్కుల్లో రాసిన చెయ్యి అది. ఎక్కడ ఆపామో గుర్తుండటానికి మధ్యలో పెన్ను పెట్టి మూయడం ఆ చేతికి అలవాటు. పెద్ద హీరో సినిమాకి నెలకు పైగా తిరగరాస్తూ వచ్చిన క్లైమాక్స్ పూర్తయిన రోజున, ఆ సంతోషంలో, కీబోర్డు మీద పెన్ను పెట్టి మరీ మూశారు. లోపల ఏదో పటుక్కుమంది. తెరిచి చూస్తే స్క్రీన్ మధ్యలో సాలెగూడు, మిగతాదంతా నల్లగా ఉంది.

"పోనీలే, బాగు చేయిస్తే పోతుంది" అన్నాను నేను తేలిగ్గా. గురువుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతకు రెండేళ్ల ముందు ఆయన కథ ఒకటి ఎలాగో బయటికి పొక్కి, ఇంకెవరో ముందుగా షూటింగ్ మొదలుపెట్టేశారట. అప్పటినుంచి ఆయనకు ప్రింటు తీయడమన్నా భయమే. ("జిరాక్స్ వాడు మనకు రెండు కాపీలిచ్చి మూడోది ఉంచుకుంటాడమ్మా" అనేవారు.) అందుకే క్లైమాక్స్‌తో సహా మొత్తం స్క్రిప్టు ఆ ఒక్క డబ్బాలోనే ఉంది. "అమ్మాయ్, ఇందులో మనిద్దరి అన్నం ఉంది. రిపేరుకు ఇచ్చేముందు లోపలున్నదంతా భద్రం చెయ్యి. ఎలా చేస్తావో నాకు తెలీదు. కంప్యూటర్ చదువు చదివావు కదా!" అన్నారు.

ఆ డబ్బాలో నాది కూడా ఒకటుందని ఆయనకు తెలియదు. నాకంటూ కంప్యూటర్ లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు పొద్దస్తమానం టైపు చేస్తుంటే నాకూ నాలుగు మాటలు అనాలనిపించేది. అనే ధైర్యం లేదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఆ మాటలన్నీ ఒక ఫైల్లో రాసుకుని, దానికి "పాత కరెంటు బిల్లులు" అని పేరు పెట్టాను. ఎవరు తెరుస్తారు? అందులో గురువుగారి పేరు "కన్నీళ్ల కాంట్రాక్టరు". ముప్పై రెండో సీన్ గురించి నేను రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "ఇక్కడ హీరోయిన్ ఎందుకు ఏడుస్తోందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంటర్వెల్ వస్తోందని కాంట్రాక్టరుగారికి మాత్రమే తెలుసు." అక్కడితో ఆగానా? క్లైమాక్స్ నాకు నచ్చలేదని, నేనైతే ఎలా రాస్తానో అది కూడా రాసిపెట్టాను. రిపేరు షాపులో స్క్రీన్ వెలగగానే గురువుగారు దాన్ని తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. సొంత కూతురికి పెట్టినట్టు నాకు రోజూ పెరుగన్నంలో ఆవకాయ వేయించే ఆ మనిషి మొహం చూడటం ఎలా? నాకు అన్నం సహించడం మానేసింది.

అప్పుడు నాకొక మహా ఆలోచన వచ్చింది. స్క్రీన్ పోయిందే గానీ మిషను నడుస్తోంది. ఆన్ చేస్తే స్వాగతం పలికే ఆ సంగీతం కూడా వినిపిస్తోంది. కాబట్టి చూడకుండానే నా ఫైలును చెరిపేయొచ్చు! స్క్రీన్ మీద ఎడమవైపు ఉండే ఫైళ్ల వరుసలో నాది ఎన్నోదో గుర్తు తెచ్చుకున్నాను. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, అలాగే వరుసగా ఫైళ్లు పేర్చి, కళ్లు మూసుకుని సాధన చేశాను. కిందికి బాణం ఐదుసార్లు, డిలీట్, ఎంటర్. (పక్క సీటులో చాటింగ్ చేసుకుంటున్న కుర్రాడు నాకేదో పూనిందనుకుని లేచి వేరే సీటుకి మారిపోయాడు.) మర్నాడు గురువుగారు కునుకు తీస్తుండగా ఆ నల్లటి స్క్రీన్ ముందు కూర్చుని పని పూర్తి చేశాను. పూర్తి చేశాక అనుమానం మొదలైంది. మొదటి బాణం నొక్కినప్పుడు అది మొదటి ఫైలు మీదికి వస్తుందా, రెండోదాని మీదికి దిగుతుందా? నా ఫైలుకి ఆనుకుని ఉన్నది క్లైమాక్స్. నేను చెరిపింది బిల్లులనా, క్లైమాక్స్‌నా? అడగడానికి మనిషి లేడు, చూడటానికి స్క్రీన్ లేదు. ఆ సాయంత్రం పిన్ని "ఏంటే, జ్వరమొచ్చినట్టున్నావు?" అని నుదురు తాకి చూసింది.

ఫిల్మ్ నగర్, జూబ్లీ హిల్స్ చుట్టుపక్కల షాపులేవీ వద్దన్నారు గురువుగారు. "ఇక్కడ కిళ్లీకొట్టు వాడి దగ్గర కూడా ఒక కథ ఉంటుంది. సినిమా గాలి సోకని చోటు చెప్పు" అన్నారు. మోతీనగర్‌లో మా పిన్ని వాళ్ల వీధి చివర ఒక పాత రేడియో మెకానిక్, కాలం మారాక కంప్యూటర్లు కూడా బాగు చేస్తున్నాడు. అందరూ ఆయన్ని రేడియో అన్న అంటారు. అక్కడికే ప్రయాణం. ల్యాప్‌టాప్‌ను ఉతికిన పంచెలో చుట్టి, కూరగాయల సంచిలో పెట్టి, పైన తోటకూర కట్టలు పేర్చారు. ఎవరూ గుర్తుపట్టకుండా గురువుగారు మంకీ క్యాప్ పెట్టుకున్నారు. (నడి వేసవి. పైగా సినిమా రచయితను క్యాప్ లేకపోయినా ఎవరూ గుర్తుపట్టరు.) కారును రెండు వీధుల అవతలే ఆపించి నన్నూ నడిపించారు. తోటకూర సంచి ఆయనే మోశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

రేడియో అన్న పంచె విప్పుతూ, "ఏంది బిడ్డా, గింత పదిలంగ సుట్టుకొచ్చిండ్రు? పసిపిల్లనా?" అన్నాడు. స్క్రీన్ చూసి, "గిది పలిగింది, గంతే. లోపలి మాల్ సలామత్ ఉంటది సార్. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. గురువుగారు ఊరుకుంటే కదా! "ఉంటది అంటే చాలదండీ, నా కళ్లతో చూడాలి" అన్నారు. "జర ఆగుండ్రి, ఇంకో స్క్రీన్ తగిలిచ్చి సూపిస్త" అంటూ ఆయన ఒక పాత పెద్ద మానిటర్‌ని తెచ్చి వైరు కలిపాడు. నేను పారిపోదామని గుమ్మం వైపు చూశాను. గుమ్మానికీ నాకూ మధ్య గురువుగారు నిలబడి ఉన్నారు.

మానిటర్ వెలిగింది. వరుసలో అన్నీ ఉన్నాయి. మధ్యలో "పాత కరెంటు బిల్లులు" నవ్వుతూ కూర్చుంది. క్లైమాక్స్ లేదు.

"నా క్లైమాక్స్ ఏదీ?" అన్నారు గురువుగారు. మంకీ క్యాప్ ఊడదీసి కుర్చీలో కూలబడ్డారు. అంతలోనే మానిటర్ దగ్గరికి వంగి, "ఈ బిల్లులేంటమ్మా? మన కరెంటు బిల్లులు ఇందులో ఎందుకున్నాయి? ఏమండీ, అది తెరవండి, క్లైమాక్స్ గానీ అందులో పడిందేమో" అన్నారు. రేడియో అన్న చెయ్యి దానిమీదికి వెళ్లింది. ఆయన నా మొహం కేసి ఒక్కసారి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, చెయ్యి పక్కకు తీసేశాడు. "కరెంట్ బిల్లుల ఏముంటది సార్? ముందుగాల చెత్తబుట్టల దేవులాడదాం" అంటూ చెరిపేసిన ఫైళ్లు పడే చోటు తెరిచాడు. అక్కడ ఒంటరిగా పడి ఉంది క్లైమాక్స్. దాన్ని తిరిగి పైకి తెచ్చాడు. "ఇందులోకి ఎవరు పడేశారు?" అన్నారు గురువుగారు. "స్క్రీన్ పలిగినప్పుడు ఒక్కోపారి గట్ల అయితది సార్" అన్నాడు ఆయన, నావైపు చూడకుండా. (అలా ఎప్పటికీ కాదు.)

ఇంతలో నిర్మాత ఫోన్ చేస్తే గురువుగారు మాట్లాడుతూ బయటికి నడిచారు. రేడియో అన్న గొంతు తగ్గించి, "నీ బిల్లులు ఒక సీడీల ఎక్కిచ్చి ఇస్త. గీ డబ్బలకెళ్లి తీసెయ్. పరాయి మిషిన్ల మన ముచ్చట పెట్టుకోవద్దు బిడ్డా" అన్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. సీడీని బ్యాగులో అడుగున దాచి, ఫైలును చెత్తబుట్టలోంచి కూడా చెరిపేసి, వారం తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. గురువుగారు తిరిగి వచ్చేసరికి రేడియో అన్న రెండు స్క్రూలు విప్పి, అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి పెట్టాడు. "ఇగో సార్, మీ కథంత గిండ్లనే ఉన్నది. స్క్రీన్ మార్చెతందుకు నాకు గిది అక్కర లేదు. జేబుల ఏసుకొని పోండ్రి" అన్నాడు. మేము వారం రోజులు పడ్డ పాట్లన్నీ రెండు స్క్రూలతో తీరిపోయేవని తెలిసి నేనూ గురువుగారూ మొహాలు చూసుకున్నాం.

అక్కడితో ఇంటికొస్తే కథ కంచికి చేరేది. కానీ సినిమా వాళ్లకు ఒక జబ్బుంది. కథ రాసినవాడు దాన్ని దాచనూ లేడు, ఎవరికో ఒకరికి చెప్పి మొహం చూడకుండా ఉండనూ లేడు. డ్రైవరుకు చెబుతారు, పాలవాడికి చెబుతారు, సామాన్య ప్రేక్షకుడు ఏమంటాడో తెలియాలి కదా! హార్డ్ డిస్క్ జేబులో పడగానే గురువుగారికి ప్రాణం కుదుటపడింది. ఎదురుగా సినిమా గాలి సోకని ఒక సామాన్య ప్రేక్షకుడు ఖాళీగా కూర్చున్నాడు. "మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నా" అని మొదలుపెట్టి, తోటకూర సంచిలో దాచి తెచ్చిన కథనంతా, మొదటి సీన్ నుంచి క్లైమాక్స్ దాకా, ఆ షాపులో నిలబడి నటించి మరీ చెప్పేశారు. తల్లి పాత్ర దగ్గర నిజంగానే ఏడ్చారు. భార్యను కట్టుబట్టలతో వెళ్లగొట్టిన తండ్రి ఇరవై ఏళ్లకు తిరిగొచ్చి కాళ్ల మీద పడితే, కొడుకు పెద్ద ఉపన్యాసమిస్తాడు, తల్లి క్షమిస్తుంది, శుభం.

రేడియో అన్న విప్పిన స్క్రూలను ఒక డబ్బా మూతలో వేసి పక్కన పెట్టాడు. తర్వాత, "అంత మంచిగున్నది సార్. గని ఆ అమ్మ ఎందుకు మాఫ్ చేసింది? కొడుకే మాట్లాడిండు, ఆమెను ఎవలన్న అడిగిండ్రా? మా అక్క మొగడు గిట్లనే ఎన్నో ఏండ్లకు తిరిగొచ్చి కాళ్లు మొక్కిండు. మా అక్క ఏమనలె. లోపలికి వొయ్యి తలుపేసుకుంది. గంతే" అన్నాడు.

తలుపు. నా ఫైల్లో చివరి సీన్ అదే. తల్లి ఒక్క మాట కూడా అనదు, తలుపు వేసుకుంటుంది అని నెల ముందే రాసుకున్నాను. గురువుగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేమంటావు? రోజూ టైపు చేస్తావు కదా, నిజం చెప్పు." ఆరు నెలల్లో ఆయన నన్ను అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. నాకు మాత్రం ఒక్కటే భయం. నిజం చెబితే ఫైలు సంగతి ఎక్కడ బయటపడుతుందో! "మీ క్లైమాక్సే బాగుందండీ. క్షమించడంలోనే గొప్పతనం ఉందండీ" అన్నాను. గురువుగారు జాలిగా నిట్టూర్చారు. "నీకింకా అనుభవం రావాలమ్మా. ఇతను చెప్పిందే కరెక్టు" అన్నారు.

సినిమా వచ్చింది. ఆ తలుపు మూసుకునే సీన్‌కి జనం నిలబడి చప్పట్లు కొట్టారు. టైటిల్స్‌లో కృతజ్ఞతల కింద రేడియో అన్న పేరు పడింది, ఆ అక్షరాలు టైపు చేసింది కూడా నేనే. దానికి నాకేం బాధ లేదు, ఆ తలుపు నిజంగా వాళ్ల అక్కది. గురువుగారు ఇప్పుడు లేరు. మొన్న అలమర సర్దుతుంటే ఆ సీడీ దొరికింది. మా అబ్బాయి ఎక్కడినుంచో పాత డ్రైవ్ ఒకటి తెచ్చి తెరిచిపెట్టాడు. చదువుతూ ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను, చివరికొచ్చేసరికి కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. ఎంత భద్రంగా దాచిందో ఆ పిచ్చిపిల్ల! నాకు దానిమీద కోపం రాదు. ఒక్కసారి ఆ షాపులోకి వెళ్లి, దాని పక్కన నిలబడి, మోచేత్తో పొడిచి, "చెప్పవే, ఆయన నిన్నే అడుగుతున్నారు" అనాలనిపిస్తుంది.