రమామణి గారి దుర్భిణి

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్ అంటే ముందు రాళ్ళు, తరవాత సీతాఫలం పొదలు, ఆ తరవాత ఎక్కడో ఒక ఇల్లు. ఫిలింనగర్‌లో స్టూడియోలూ ల్యాబులూ అప్పుడప్పుడే ఒక్కొక్కటే వెలుస్తున్నాయి. సాయంత్రం ఏడు దాటితే బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే నడకే. వీధి దీపాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలేవి. పొద్దు గూకిందంటే చాలు, గుట్టల మీద చుక్కలు గుప్పున పొడిచేవి.

రమామణి 1984లో తల్లి అనసూయమ్మను వెంటబెట్టుకుని మద్రాసు నుంచి అక్కడికి వచ్చింది. అసలు ఊరు బందరు. చేసే పని నెగెటివ్ కటింగ్. ఎడిటర్ గారు అతికించి ఇచ్చిన పాజిటివ్ ముక్కలకు సరిగ్గా సరిపోయే నెగెటివ్ ముక్కల్ని వెతికి, కత్తిరించి, అతకాలి. ఫిల్ము అంచున చీమ తలకాయంత అంకెలుంటాయి. వాటిని చూసి జత కలపడమే ఆ విద్యంతా. ఒక్క గీత పడినా, ఒక్క వేలిముద్ర అంటినా, ఊరూరా తెర మీద అది కనిపిస్తుంది. అందుకని ఆమె చేతులకు ఎప్పుడూ తెల్ల నూలు గ్లవుజులు ఉండేవి. పనిరోజుల్లో తలకు నూనె కూడా రాసుకునేది కాదు. "ముప్పై నాలుగేళ్ళకే జుట్టు ఎండుగడ్డి చేసుకుంది" అని అనసూయమ్మ వాపోయేది.

1985 వానాకాలంలో ఒకరోజు ఒక జమీందారు సీను నెగెటివ్ ఆమె బల్ల మీదకు వచ్చింది. మేడ మీద జమీందారు ఇత్తడి దుర్భిణిలో ఒక కన్ను పెట్టి, దూరంగా వస్తున్న కథానాయికను చూసి మీసం దువ్వుతున్నాడు. రమామణి ఆ ముక్కను దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి పకపకా నవ్వింది. దుర్భిణికి మూత అలాగే ఉంది!

మధ్యాహ్నం భోజనాల వేళ ప్రాపర్టీ గోడౌను ఓదెలు కనిపిస్తే ఆ మాటే చెప్పింది. ఓదెలుకు యాభై ఏళ్ళుంటాయి. సింహాసనాలూ గదలూ ఉయ్యాలలూ షూటింగులకు తీసుకువెళ్ళి, తీసుకొచ్చి, గోడౌనులో సర్దే మనిషి.

"మూత తీస్తే లోపటి బూజు కనవడ్తది గదమ్మా. గందుకే గట్లనే ఉంచిన" అన్నాడు ఓదెలు.

"బూజేమిటి?"

"అద్దానికి పట్టింది. సాలీడు గూడు లెక్క. ఏదో నవాబు దేవిడీల హర్రాజ్ అయితే మా సేటు కొనుక్కొచ్చిండట. ఇరవై సిన్మాలల్ల జేసింది గది. గని ఎవ్వడు దాంట్ల నిజంగ సూడలే." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగనే కనవడ్తదా రమామణమ్మా, దాంట్ల?"

రమామణి కూడా ఎప్పుడూ దుర్భిణిలో చూసిన మనిషి కాదు. తెలుసుకోవాలనిపించింది.

గోడౌను యజమాని వెంకటేశ్వరరావు గారిని అడిగితే, "బాగుచేస్తానంటే వద్దంటానా అమ్మా, తీసుకెళ్ళు" అన్నారు. మూడంగుళాల వెడల్పు గాజు, నాలుగడుగుల ఇత్తడి గొట్టం, కొయ్య ముక్కాలి. ఓదెలు భుజాన వేసుకుని ఇంటికి చేర్చాడు. రమామణి ఆదివారం పూట తలుపులు మూసి, నేల తుడిచి, ఉతికిన పంచె పరిచి కూర్చుంది. ముందున్న గాజు బిళ్ళను మర తిప్పి ఊడదీస్తే, ఒకటనుకున్న గాజు రెండుగా బయటపడింది. వాటి మధ్య గోరు కొసంత రేకు ముక్కలు మూడు. బూజు ఆ రెండు గాజుల మధ్యనే ఉంది.

ఫిల్ముకు చేసే సేవలే దానికీ చేసింది. ముందు ఊదింది. తరవాత డిస్టిల్డు వాటరులో ఒక్క సబ్బు చుక్క. దూదిని రుద్దకుండా, బరువు కూడా వేయకుండా, అలా జార్చుకుంటూ పోయింది. బూజు వదిలిపోయింది. గాజులు ఊటబావి నీళ్ళలా అయ్యాయి. రేకు ముక్కలు మళ్ళీ పెట్టి, గాజులు బిగించి, చీకటి పడగానే వాకిట్లో చంద్రుడి మీదకు తిప్పింది.

చంద్రుడు పిండిముద్దలా, అంచుల్లేకుండా కనపడ్డాడు. ఎంత తిప్పినా అంతే.

ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నూరేళ్ళ నాటి వస్తువు. బూజుతో ఉన్నా బతికే ఉంది, తన చేతుల్లో చచ్చింది. జీవితంలో ఒక్క ఫ్రేము కూడా చెడగొట్టని మనిషి. ఆ బెంగ మూడు రోజులు వదల్లేదు.

నాలుగో రోజు ఎవరో చెప్తే శ్రీనగర్ కాలనీలో జానకిరామయ్య గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఆమె చెప్పిందంతా విని, తప్పుపట్టకుండా నవ్వారు.

"అద్దానికి బూజు కంటే చెయ్యి ప్రమాదమమ్మా. కాస్త దుమ్ము ఉన్నంత మాత్రాన చుక్కలు దాక్కోవు. విప్పడం మాత్రం ఆఖరి పని. ఆ రెండు గాజులకూ ఇటువైపూ అటువైపూ ఉంటుంది. నువ్వు ఏదో ఒకటి తిరగేసి పెట్టావు. ఒకదాని మీద ఒకటి ఎంత తిరిగి ఉండాలో దానికీ ఒక లెక్క ఉంటుంది."

"ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందండీ?"

"చేసినవాడికి తెలియాలి. వాడు పోయి ఎన్నేళ్ళయిందో!"

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమెకు తట్టింది. చేసినవాడు తనలాంటి పనివాడేగా! తనైతే ఎక్కడ గుర్తు పెడుతుంది? నడిమధ్యన పెట్టదు. అంచున పెడుతుంది.

ఇంటికి వచ్చి గాజుల్ని మళ్ళీ విప్పి, ఫిల్ము అంకెలు చూసే భూతద్దంతో గరుకుగా ఉన్న అంచుల్ని చుట్టూ చూసుకుంటూ పోయింది. ఉంది. సన్నటి పెన్సిలు గీతలు రెండు. ఒక గాజు అంచున విడివిడిగా మొదలై, రెండో గాజు అంచు మీద బాణం ములుకులా కలుసుకోవలసినవి. తను పెట్టిన పద్ధతిలో అవి ఎక్కడా కలవవు. ఒక గాజును తిరగేసి, మెల్లగా తిప్పుతూ గీతకు గీత కలిపింది. ఎవరో తెలియని మనిషి, ఏ దేశంవాడో, బల్ల అవతల కూర్చుని "ఆ, అక్కడే" అన్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం పడమట శని ఉన్నాడు. ఆవగింజంత గ్రహం, దాని చుట్టూ వేలాడుతున్న ఉంగరం. రమామణి ఊపిరి బిగబట్టి చూసి, పక్కకు జరిగి, చూడడానికి వచ్చిన ఓదెలును పిలిచింది. అతను చాలాసేపు కన్ను తీయలేదు.

"నిజంగనే కనవడ్తున్నదమ్మా" అన్నాడు చివరికి. "గిన్నేండ్లు దీన్ని బీరువ లెక్క మోసిన."

ఆ తరవాత గోడౌను యజమాని షూటింగు లేని రోజుల్లో దుర్భిణిని ఆమె దగ్గరే ఉంచుకోనిచ్చారు. ఆమె దానికి మల్లు గుడ్డతో సంచి కుట్టింది. బూజు మళ్ళీ రాకుండా కెమెరా డిపార్టుమెంటు నుంచి తేమ పీల్చే నీలి గుళికలు తెచ్చి పెట్టెలో వేసింది. తేమ తాగితే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. వేయిస్తే మళ్ళీ నీలం అవుతాయి. ఆ వేయించే పని అనసూయమ్మది. పాత మూకుడు ఒకటి అందుకే కేటాయించి, "రాళ్ళు వేయించడమొకటి మిగిలింది. పోపు కూడా పెట్టమంటావా?" అంటూనే ప్రతి నెలా వేయించేది.

1986 జనవరిలో తోకచుక్క వచ్చింది. పత్రికలన్నీ దాని కబుర్లే. పొద్దు గూకాక పడమటి వైపు కాసేపు ఉంటుందని తెలుసుకుని, రమామణి షూటింగు ఫ్లోరు వెనక బండ మీద దుర్భిణి పెట్టింది. లైట్‌బాయ్‌లు, మేకప్ వాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు వరుస కట్టారు. పౌరాణికం షూటింగు బ్రేకులో యముడి వేషంలో ఉన్న నర్సింహ, కిరీటం తీసి చంకలో పెట్టుకుని, తన వంతు రాగానే వంగి చూశాడు.

"గింతేనా? గీ దూది పింజేనా?"

"దూరంగా ఉంది కదా నర్సింహా. మళ్ళీ డెబ్బై ఆరేళ్ళకు గానీ రాదు."

నర్సింహ కిరీటం పెట్టుకుని వరుసంతా ఒకసారి కలియజూశాడు. "అయితే మంచిగ సూడుండ్రి. అది మళ్ళొచ్చెటాల్లకు మీ అందర్ని తోల్కపోయేటోన్ని నేనే!"

బండ మీద నవ్వులు చాలాసేపు ఆగలేదు. తరవాతి రోజుల్లో రమామణి ఎన్ని చూసినా, ఆ సాయంత్రమంత సంతోషం మళ్ళీ రాలేదని చెప్పుకునేది.

కొండ మీద బంగళాలు పెరిగాయి. సింగపూరు వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఒక దుర్భిణి తెచ్చుకునేవారు. నెల తిరక్కుండానే ఏమీ కనపడటం లేదని రమామణికి కబురు వచ్చేది. ఆమె చెప్పేది ఒకటే. "పెట్టె మీద అయిదువందల రెట్లని రాస్తే నమ్మకండి. గాజు వెడల్పు ఎంతో చూడండి. దానికంటే ముందు కాళ్ళు చూడండి. గాలికి వణికే ముక్కాలి మీద ఎంత మంచి గాజు పెట్టినా చుక్క గంతులేస్తుంది. కన్ను పెట్టే గొట్టాలు నాలుగు ఇచ్చారని మురిసిపోవద్దు, తక్కువ రెట్లు చూపించేది ఒక్కటి మంచిది ఉంటే చాలు."

1992లో వెంకటేశ్వరరావు గారు గోడౌను మూసేశారు. సినిమాల్లో జమీందార్లు తగ్గిపోయారు. ఇత్తడి సామాన్లన్నీ తూకానికి వెళ్ళాయి. ఆ వారం షూటింగుకని తీసుకెళ్ళిన దుర్భిణి కూడా అప్పుడు గోడౌనులోనే ఉంది. రమామణి ఒక సినిమా విడుదల తొందరలో రెండు రోజులు ల్యాబులోనే ఉండిపోయి, మూడో రోజు పరుగున వెళ్ళేసరికి గోడౌనులో ఖాళీ గోడలున్నాయి. గుమ్మం మీద ఓదెలు ఒళ్ళో తువ్వాలు మూట పెట్టుకుని కూర్చున్నాడు.

"గొట్టం పోయిందమ్మా. ఇత్తడి ఇడవమన్నరు పాతసామానోళ్ళు. గాజు ఎవలిక్కావాలె, దీస్కపో అన్నడు సేటు." మూట విప్పాడు. ముందరి గాజు బిళ్ళ, కన్ను పెట్టే చిన్న గొట్టం. "ఇప్పలే. ఉన్నదున్నట్టే మర తిప్పి తీసిన. నువ్వు సెప్పినవు గద, ఇప్పొద్దని."

రమామణి చేతులు చాచి మూట అందుకుంది. గాజును కళ్ళకద్దుకుంది.

కొత్త ఇల్లు కడుతున్న చోట మిగిలిన ప్లాస్టిక్ పైపు గొట్టమయింది. లోపల బడి బ్లాక్‌బోర్డుకు వేసే నల్లరంగు పూసింది. కెమెరా వాళ్ళు పక్కన పడేసిన కొయ్య ముక్కాలి కాళ్ళయింది. చూపుకు పంచాయితీ నీళ్ళ పైపులా ఉండేది గానీ, చంద్రుడి మీద గుంటలు ఒక్కటి కూడా తగ్గలేదు.

1995లో దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం. ముందురోజు జూబ్లీహిల్స్‌లో డిస్ట్రిబ్యూటర్ సూర్యప్రకాశరావు గారి భార్య శ్యామలాదేవి ల్యాబుకు ఫోన్ చేసింది. "రమామణి గారూ, మావారు సింగపూరు దుర్భిణిలో గ్రహణం చూస్తానంటున్నారు. కంటి దగ్గర పెట్టుకోవడానికి నల్లద్దం కూడా ఇచ్చారట. బాగానే కనిపిస్తుందాండీ?"

నల్లద్దం అన్న మాట వినగానే రమామణి లేచి నిలబడింది. "నేను వచ్చేదాకా చూడొద్దని చెప్పండి" అంది. మర్నాడు పొద్దున అనసూయమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తూ, "గ్రహణం పూట బయటికేమిటే!" అంటున్నా వినకుండా బయల్దేరింది. రోడ్డు మీద కాల్చిన టపాకాయల కాగితాలు తప్ప పురుగు లేదు. కొండంతా నడిచి, ఆయాసపడుతూ మేడ ఎక్కేసరికి సూర్యప్రకాశరావు గారు దుర్భిణిని సూర్యుడి వైపు తిప్పి, వంగబోతున్నారు.

"బాబుగారూ, ఆగండి!"

"కంపెనీ వాళ్ళు ఇచ్చిందే కదమ్మా! ఊరికే ఇస్తారా?"

"ఒక్క అయిదు నిమిషాలు దాన్ని అలా వదిలేయండి. ఏమీ కాకపోతే నాది తప్పంటాను."

ఆయన విసుక్కుంటూనే వెనక్కి జరిగారు. పక్కనే ఉన్న శ్యామలాదేవితో సహా ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. మూడో నిమిషంలో టప్పున చిన్న చప్పుడయింది. నల్లద్దం వేడికి నడిమికి పగిలి, ఆ సందులోంచి సూదిలాంటి వెలుగు బయటికి కొట్టింది.

సూర్యప్రకాశరావు గారు పిట్టగోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. శ్యామలాదేవి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. రమామణి దుర్భిణిని పక్కకు తిప్పి, పగిలిన అద్దం తీసి పారేసి, కంటి గొట్టానికి జానెడు వెనక తెల్లకాగితం పట్టుకుని మళ్ళీ సూర్యుడికి ఎదురు పెట్టింది. కాగితం మీద కొరికిన అప్పడంలా సూర్యుడు పడ్డాడు.

"ఇలా చూడాలండీ. కాగితానికి కళ్ళు పోయేదేమీ లేదు" అంది.

గ్రహణం విడిచాక ఆయన అడిగారు. "నీకేం కావాలో చెప్పమ్మా. మొహమాటపడకు."

రమామణి మేడను నాలుగు వైపులా చూసింది. బస్తీలో దీపాలు పెరిగి, బండ మీద నుంచి చుక్కలు పలచబడుతున్నాయి. ఈ మేడ ఎత్తులో ఉంది, వెనకంతా ఇంకా చీకటి గుట్టలే. "శనివారం సాయంత్రాలు మీ మేడ ఇప్పించండి. మా ల్యాబు వాళ్ళూ బస్తీ వాళ్ళూ వచ్చి చూసి వెళ్తారు" అంది.

ఆయన ఒక్క క్షణం భార్య వైపు చూశారు. "చెప్పులు కింద విప్పి రమ్మనండి, అంతే" అంది శ్యామలాదేవి.

అలా మొదలైంది. లైట్‌మన్ల భార్యలు, దర్జీలు, డ్రైవర్లు, ఆ బంగళా గేటు ఎన్నడూ దాటని వాళ్ళంతా శనివారం శనివారం మెట్లెక్కి వచ్చేవారు. శ్యామలాదేవి మొదట్లో దూరంగా కుర్చీలో కూర్చునేది. కొన్నాళ్ళకు తనే వరుస సర్దుతూ, "గొట్టం పట్టుకోకండమ్మా, కన్ను మాత్రమే పెట్టండి" అని అందరికీ చెప్పేది. అతి మృదువుగా గాజు మీద దుమ్ము ఊదడం కూడా రమామణి దగ్గర నేర్చుకుంది.

1997 ఏప్రిల్‌లో వాయవ్యాన మరో తోకచుక్క వచ్చింది. ఇది దూది పింజ కాదు. పొద్దు గూకుతుండగానే మామూలు కంటికే తోకతో సహా కనిపించింది. ఓదెలు కర్ర పట్టుకుని మేడెక్కి వచ్చాడు. అనసూయమ్మ కూడా, మోకాళ్ళ నొప్పులు తిట్టుకుంటూ, మొదటిసారి వచ్చింది. ఆ పూట దుర్భిణి దగ్గర వరుస లేదు. జనమంతా పిట్టగోడ దగ్గర చేరి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. కింద చెక్‌పోస్టు వైపు కొత్త హోర్డింగుల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఇంకో రెండేళ్ళలో ఈ మేడ మీద కూడా చంద్రుడు తప్ప ఏమీ మిగలడని రమామణికి తెలుసు.

"ఏమ్మా, చూశావా?" అని తల్లిని అడిగింది.

అనసూయమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుంది" అంది. తరవాత పక్కకు జరిగి ఓదెలుకు చోటిచ్చింది. "నువ్వూ ఇలా రా నాయనా. ఇక్కణ్ణించి చెట్టు అడ్డం రాదు."