ర్యాక్ తలుపు మీది ఫిర్యాదు

ల్యాబు మూలన నెట్‌వర్క్ పెట్టెలుండే ఇనుప ర్యాక్ తలుపు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన ముఖానికి కొడుతుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా ఖాజా అన్న గుర్తొస్తాడు. ఆయన మీద నాకున్న కోపం కూడా.

ఇబ్రహీంపట్నం శివారులోని ఈ ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ అంతా ఆయన చేతిలోనే ఉండేది. అప్పట్లో నేను మంచాల ఊరి నుంచి బస్సులో వస్తూ ఆయన కింద కొత్తగా పనిచేస్తున్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కంప్యూటర్లన్నింటినీ కలిపే రెండు స్విచ్ పెట్టెల మధ్య ఒకే కేబుల్ ఉండేది. ల్యాబులన్నీ ఒకేసారి నడిస్తే అది చాలేది కాదు. ఊడితే అంతా బంద్. ఇంకో కేబుల్ వేసి, రెండింటినీ ఒకే దారిగా జత చేయమని చెప్పి ఆయన భోజనానికి వెళ్లాడు. నేను కేబుల్ పెట్టాను. నిమిషంలో కాలేజీ మొత్తం ఆగిపోయింది. ముందుగా రెండు స్విచ్‌లలోనూ జత సెట్టింగు పెట్టాలని, లేకపోతే వెళ్లిన సమాచారమే తిరిగి తిరిగి వచ్చి అన్నింటినీ ముంచేస్తుందని నాకు తెలియదు. అవి అడ్మిషన్ల రోజులు. వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులందరి ముందు ఖాజా అన్న ప్రిన్సిపాల్‌కు నన్ను చూపించాడు.

"గీమె పెట్టింది సార్. అడగకుండ పెట్టింది."

చెప్పనిది ఆయన, అడగనిది నేనట. మూడు రోజులు మాన్యువల్ చదివి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. "ఖాజా గారు నాకు ఈ క్రమం చెప్పలేదు" అని మొదలుపెట్టి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది మరిస్తే ఏమవుతుందో పూసగుచ్చినట్టు రాశాను. ప్రిన్సిపాల్ దాన్ని ఖాజా అన్నకే ఇచ్చారట. మర్నాడు వచ్చేసరికి ఆ కాగితం ర్యాక్ తలుపు లోపలివైపు అంటించి ఉంది.

"నన్ను నవ్వులపాలు చేస్తున్నవా అన్నా?"

"నవ్వుడేంది బిడ్డా. ఇన్నేండ్ల సంది గిది ఎవ్వలన్న రాసి పెట్టిన్రా? మస్తు సాఫ్‌గ రాసినవ్. చదువుకుంట చెయ్యి, నేను చూస్త."

చదువుతూ చేశాను. రెండు కేబుళ్ల దగ్గరి పచ్చ దీపాలూ వెలిగాయి. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది. నా గురించి ఎవరు చెప్పారో ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒకసారి ఆన్‌లైన్ పరీక్ష జరుగుతుండగా రంగులేసేవాళ్ల నిచ్చెన తగిలి ఒక కేబుల్ ఊడిపోయింది. నేను ఉరికాను. ఆయన చాయ్ గ్లాసు దించలేదు.

"ఎందుకు ఉరుకుతున్నవ్? రెండోది మోస్తున్నది గదా. జర పిల్లలను చూడు."

ఒక్కరూ తల ఎత్తలేదు. ఆ రోజు మనసు మెత్తబడి, "ఆ కాగితంల మొదటి లైను కత్తిరిస్తనన్నా, నీ పేరుంది" అన్నాను.

"వద్దు. గది ఉండనీ. కొత్తోళ్లు గదే ముందు చదవాలె."

ఆయన పోయి రెండేళ్లయింది. ఆ వరుస ముందు అన్న మాటను మాత్రం ఏనాడూ వెనక్కి తీసుకోలేదు, నేనూ మరవలేదు. కాగితం పసుపుపచ్చబడింది. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ మొదటి లైను చదివిస్తాను. "నేను చెప్పంది ఏమన్న మిగిలిందా?" అని అడుగుతాను. వాళ్లు జవాబు చెప్పాకే రెండో కేబుల్ చేతికిస్తాను.